తలుపు అవతల అమ్మ

పగటిని చేసిన చేతులతోనే రాత్రినీ చేసి, ఆ రాత్రికి జడిసే పసివాళ్లను మళ్లీ తన ఒడిలోకే తీసుకునే దేవునికి స్తోత్రం. పుట్టిన నాటి నుంచి ఈ తల నెరిసే దాకా ఆయన కృప నా వెంటే నడిచింది. ఆయన నామాన్ని ఘనపరచి, నా చిన్ననాటి ముచ్చట ఒకటి చెబుతాను.

మొన్న మా అపార్ట్‌మెంట్లో పిల్లలంతా దయ్యాల వేషాలు వేశారు. హాలోవీన్ అట. కొల్లూరు దగ్గర, రింగు రోడ్డు మీద పోయే బండ్ల దీపాలు కనబడేంత ఎత్తులో మా అబ్బాయి వాళ్ల ఇల్లు. నాలుగేళ్ల మనవరాలు తెల్ల దయ్యం అవుతానని పట్టుబట్టింది. పాత దుప్పటికి కళ్ల దగ్గర రంధ్రాలు కత్తిరించే పని నాకు పడింది.

ఆ సంగతి ఎట్లా తెలిసిందో, మా స్త్రీల సమాజంలో పెద్దక్క ఫోన్ చేసింది.

"ఏంది సిస్టర్, మీ ఇంట్ల దయ్యాల పండుగనంట? నలుగురికి వాక్యం చెప్పేదానివి!"

"పిల్లలు చాక్లెట్లు అడుక్కుంటరట అక్కా, గంతే."

"చాక్లెట్లతోనే షురూ అయితది ఏదైనా," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆమె మాట నేను తేలిగ్గా తీసుకోలేదు. మోకరించి ప్రార్థన చేసుకున్నాను. లేచి కత్తెర పట్టుకున్నాను.

దుప్పటి వేసుకున్న మనవరాలు నేరుగా పోయి బీరువా అద్దం ముందు నిలబడింది. చూసుకుంది. ఒక్క కేక పెట్టి, దుప్పటితో సహా పరుగెత్తుకొచ్చి నా మోకాళ్లను పట్టేసుకుంది.

"నానమ్మా! లోపల నేనే ఉన్నానా?"

కోడలు పకపకా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆ ప్రశ్నతో నా మనసు ఇస్నాపూర్‌లోని ఒక చెక్క తలుపు దగ్గరికి పోయింది.

అప్పుడు ఇస్నాపూర్ ఇంత లేదు. ఒక పక్క జొన్నచేలు, ఇంకో పక్క ఫ్యాక్టరీల పొగగొట్టాలు. రేకుల కప్పు కింద వరుసగా కిరాయి గదులు, అందరికీ కలిపి ఒకటే నల్లా. ఆ వరుసలో చిట్టచివరి గది మాది. నాయన లారీ మీద పోయేవాడు. బొంబాయి దాకా, ఒక్కోసారి ఇంకా అవతలికి. ఆయన వచ్చిన రోజు ఇంట్లో డీజిల్ వాసన, కమలాపండ్ల వాసన కలిసి ఉండేవి. మిగతా రోజుల్లో నేను, తమ్ముడు, అమ్మ, నాయనమ్మ. నేను బడికి పోతున్నాను. తమ్ముడింకా పలక పట్టలేదు.

నాయనమ్మ మా సంఘంలో బైబిల్ స్త్రీ. తెల్లచీర కట్టి, చేతిసంచిలో గ్రంథం పెట్టుకుని, చిట్కుల్ దాకా నడిచి పోయి ఇంటింటా ప్రార్థన చేసి వచ్చేది. ఆదివారపు బడిలో మాకు వాక్యం చెప్పేది కూడా ఆమే. చెప్పింది తిరిగి చెప్పకపోతే చెవి మెలేసేది. చెబితే అదే చెవిలో "శభాష్ బిడ్డా" అనేది.

ఆ ఏడు అమ్మ కొత్తగా మందుగోళీల ఫ్యాక్టరీలో పనికి చేరింది. పొద్దున పోతే మసక చీకట్లో వచ్చేది. గోళీల పొడి గాలిలో తేలే గదిలో పని. నెల తిరగకముందే ఆమె గొంతు బొంగురుపోయింది. కొంగు దులిపితే చేదు వాసన. ఎన్నడూ అమ్మను వదిలి ఉండని తమ్ముడు పగలంతా బాగానే ఆడి, పొద్దు వాలగానే గడపలో కూచునేవాడు.

అది సీతాఫలాల కాలం. గది మూలన వరిగడ్డిలో మగ్గేసిన పండ్ల వాసన, బయట కట్టెపొయ్యిల పొగ, సాయంత్రం గాలి తిరిగితే వాగు మీదుగా వచ్చే ఫ్యాక్టరీల ఘాటు. నాయనమ్మ జొన్నరొట్టె చేసి, పచ్చిపులుసులో ఉల్లిపాయ పిసికి, ముందు తమ్ముడికి పెట్టేది. వాడు మొదటి ముద్ద అమ్మకని పక్కన పెట్టించేవాడు.

దసరా వెళ్లాక ఊళ్లో ఒక పుకారు పుట్టింది. దీపాలు పెట్టే వేళ ఒక ఆడదయ్యం తిరుగుతోందట. తలుపు తట్టి, మనకు తెలిసినవాళ్ల గొంతుతోనే పిలుస్తుందట. పలికితే అంతేనట. దానికి విరుగుడు కూడా వచ్చింది. తలుపు మీద 'రేపు రా' అని రాస్తే, అది చదువుకుని వెనక్కి పోతుందట. మర్నాడు వస్తే మళ్లీ అదే మాట కనబడుతుంది. అట్లా ఎన్నటికీ లోపలికి రాదట.

మా గదుల ఓనరమ్మ ఆ సంగతి నల్లా దగ్గర చెప్తుంటే నాయనమ్మ బిందె ఎత్తుకుంటూ అడిగింది.

"దయ్యం ఏ బడికి పోయింది ఓనరమ్మా, చదువుకోనీకి?"

"నీకేంది అవ్వా, నీకు దేవుడున్నడు. మా లెక్క పిరికోళ్లకు రాత ఉండాలె."

వరుసలో చదువుకునే పిల్లను నేనొక్కదాన్నే. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని ఓనరమ్మ పిలిచి సుద్దముక్క చేతికిచ్చింది. ఆమె తలుపు మీద రాశాను. పక్కింటివాళ్లు పిలిచారు. ఒరిస్సా నుంచి వచ్చిన పనివాళ్ల గది మీదా రాశాను. వాళ్లలో ఒకాయన ఆ రాతను తలవంచి చూసి, "తెలుగు దయ్యమేనా పక్కా?" అని వచ్చీరాని తెలుగులో అడిగాడు. మేమంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే పంక్చర్ దుకాణం ఆమె తన గుమ్మానికి తాయెత్తు కట్టుకుని కూడా, "ఏ బేటీ, మాది కూడా జెర రాయి. రెండుంటే మంచిదే కదా," అంది. రాసినందుకు తలుపుకొక సీతాఫలం. ఒళ్లో పండ్లు పోసుకుని, పండుగ చేసుకున్నట్టుగా ఇంటికి వచ్చాను.

తమ్ముడు గుమ్మం బయట నిలబడి వరుస మొత్తం చూస్తున్నాడు.

"అక్కా, అన్ని తలుపుల మీద రాసినవు. మన దాని మీద ఏది?"

నాకప్పుడు వెలిగింది. ఆ దయ్యం మొదటి తలుపు నుంచి చదువుకుంటూ, వెనక్కి తిరుగుతూ తిరుగుతూ, చివరికి ఏమీ రాయని మా తలుపు దగ్గరికే వస్తుంది. నా చేతులతోనే దానికి దారి చూపించినట్టయింది.

ఇద్దరం పోయి నాయనమ్మను బతిమాలాం.

"మనింట్ల రాసేది లేదు," అంది ఆమె రొట్టె తట్టుతూ.

తమ్ముడు ఆదివారపు బడిలో విన్నదాన్ని బయటికి తీశాడు. "మరి ఐగుప్తుల తలుపులకు గొర్రెపిల్ల రక్తం పూసిండ్రు కదా! గప్పుడు మరణదూత దాటిపోలేదా?"

నాయనమ్మ చేయి ఆగింది. వాడి వైపు చూసింది. చెప్పిన పాఠం వాడికి ఇంత బాగా అంటినందుకు లోలోపల మురిసిందనే అనుకుంటాను.

"అది దేవుడు పూయమంటే పూసిండ్రు. ఇది ఓనరమ్మ రాయమంటే రాస్తున్నరు. ఫరక్ లేదారా?"

అమ్మ వచ్చాక ఆమె కూడా అడిగింది. "రాద్దాం అత్తా. మనకోసం కాదు, పిల్లగాని కోసం. సాయంత్రమైతే చాలు, వణుకుతున్నడు."

"రాస్తే వాని భయం నిజమని మనమే సంతకం పెట్టినట్టు బిడ్డా."

"ఇట్లనే బెదురుకుంటే నేను పని బంద్ చేస్త. వాని కన్న ఎక్కువనా నాకు?"

నాయన లారీ బొంబాయి దారిలో ఎక్కడో మూలనపడి, ఆయనా దాని దగ్గరే ఆగిపోయి అప్పటికే కొన్నాళ్లయింది. ఇల్లు నడుస్తున్నది అమ్మ పని మీదే. చాపమీద పడుకుని వింటున్న నాకు అంత మాత్రం తెలుసు. తమ్ముడి భయం పోకపోతే అమ్మ పని పోతుంది.

ఆ మర్నాడో మూడోనాడో, పొద్దు గూకుతుండగా నాయనమ్మ పక్క వీధిలో ఎవరింట్లోనో ప్రార్థన ఉంటే ఆ గృహకూడికకు పోయింది. "అమ్మ ఇప్పుడే వస్తది, గొళ్లెం పెట్టుకోండ్రి," అని చెప్పి పోయింది. ఆమె అటు పోగానే కరెంటు పోయింది. బుడ్డి దీపం ముట్టించి ఇద్దరం గోడకు ఆనుకుని కూచున్నాం.

తలుపు చప్పుడైంది.

"బిడ్డా, తలుపు తియ్యి."

ముందెన్నడూ విననంత బొంగురు గొంతు. తమ్ముడు నా నోటి మీద చేయి పెట్టాడు. పలకొద్దని.

"నేనే రా. తియ్యుండ్రి."

"గొంతు అమ్మది కాదు," అన్నాడు వాడు నా చెవిలో.

నాకూ అనుమానమే. ధైర్యం తెచ్చుకుని లోపలి నుంచి అరిచాను. "మా అమ్మవైతే పరలోక ప్రార్థన చెప్పు!"

బయట ఒక నిట్టూర్పు. తర్వాత ఆ బొంగురు గొంతు, అలసటతో ఆగి ఆగి, పరలోకమందున్న తండ్రిని పిలిచి, అనుదినాహారం దగ్గర దగ్గి, ఆమేన్ దాకా చెప్పింది. నేను లేచి గొళ్లెం మీద చేయి వేశాను.

తమ్ముడు నా లంగా పట్టి లాగాడు. "తియ్యకు! సైతానుకు గూడ వాక్యం వస్తది! అరణ్యంల ప్రభువుకే చెప్పింది!"

ఆదివారపు బడికి పోని పిల్లలైతే ఆ పాటికి తలుపు తీసి, అమ్మ కొంగు పట్టుకుని ఉండేవాళ్లు. మేం నాయనమ్మ శిష్యులం. నా చేయి మళ్లీ వెనక్కి వచ్చింది.

"కాళ్లు సూడు అక్కా. దయ్యానికి కాళ్లు ఎనకకు ఉంటయ్."

తలుపు కింద బెత్తెడు సందు. ఎలుకలు రాకుండా నాయనమ్మ అక్కడ గోనెసంచి కుక్కేది. దాన్ని లాగి ఇద్దరం బోర్లా పడుకున్నాం. సరిగ్గా అప్పుడే, అరుపులు విని ఖాలా కందిలి పట్టుకుని బయటికి వచ్చినట్టుంది. ఆమెతో మాట్లాడటానికి అమ్మ అటు తిరిగింది. సందులోంచి చూస్తే కందిలి వెలుగులో మాకు కనబడినవి రెండు మడమలు.

"ఎనకకే ఉన్నయ్!" తమ్ముడి కేక రేకుల కప్పును తాకింది. నేనూ గొంతు కలిపాను. ఒరిస్సా పనివాళ్లు బయటికి ఉరికొచ్చారు. కుక్కలు మొరగడం మొదలుపెట్టాయి.

"అరే, తోబా! మీ అమ్మే రా, నేను సూస్తున్న కదా!" అని ఖాలా అరుస్తోంది.

"ఖాలా గొంతు గూడ నేర్చుకున్నది!" అని తమ్ముడు ఇంకా గట్టిగా ఏడ్చాడు. బయట ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

"తలుపు తోసేద్దామా అమ్మా?" అని మగగొంతు ఒకటి.

"వద్దన్నా," అంది అమ్మ. "తోస్తే ఇంక బెదురుతడు."

తర్వాత తలుపు కిర్రుమంది. అమ్మ చెక్కకు వీపు ఆనించి గడప మీద కూలబడింది. పిలవలేదు. బతిమాలలేదు. సంచి తీస్తున్న చప్పుడు, కాగితం చప్పుడు. కాసేపటికి తలుపు కింది సందులోంచి పల్లీపట్టీ ముక్కలు రెండు లోపలికి జరిగాయి.

అమ్మకు ఫ్యాక్టరీ క్యాంటీన్లో చాయతో పల్లీపట్టీ ఇచ్చేవారు. ఆమె తినకుండా ఇంటికి తెచ్చేది. మా ముందే రెండు ముక్కలు చేసేది. అవి ఎన్నడూ సమానంగా విరగలేదు. పెద్దది ఎవరికని మేం కొట్టుకోకుండా, పెద్ద ముక్క అంచును తాను ఒక్క పంటి కొరుకు కొరికి, రెంటినీ సమం చేసి ఇచ్చేది. ఆమె రోజూ తినేది ఆ కొరుకు మాత్రమే.

తమ్ముడు బుడ్డి దీపం దగ్గరికి జరిపాడు. ఏడుపు ఎక్కిళ్లలోకి దిగింది. రెండు ముక్కలనూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఒకదాని మూలన పంటి గాటు ఉంది.

"అక్కా," అన్నాడు, "అమ్మనే."

వాడే ముక్కాలిపీట ఎక్కి గొళ్లెం తీశాడు. తలుపుకు ఆనుకుని ఉన్న అమ్మ వెల్లకిలా లోపలికి పడింది. వాడు ఆమె మీద పడ్డాడు. వాడి మీద నేను. ఖాలా కందిలి ఎత్తి చూసి, "యా అల్లా, పిచ్చి బిడ్డలు," అని కళ్లు తుడుచుకుంది. నవ్వుకో ఏడుపుకో ఇప్పటికీ చెప్పలేను.

నాయనమ్మ వచ్చి సంగతంతా విన్నది. కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి మాకు అన్నం పెడుతూ ఒక మాట చెప్పింది.

"చెరసాలల ఉన్న అపొస్తలుని కోసం సంఘమంతా ఒక ఇంట్ల ప్రార్థన చేస్తున్నది. దేవుడు ఆయనను విడిపించిండు. ఆయన వచ్చి అదే ఇంటి తలుపు తట్టిండు. పనిపిల్ల గొంతు గుర్తువట్టి చెప్తే లోపలున్న పెద్దోళ్లు ఏమన్నరు? నీకు పిచ్చి, ఆయన కాదు, ఆయన దూత అన్నరు. గంత పెద్ద విశ్వాసులే తలుపు తియ్యకపాయిరి. ఈ బుడ్డోడెంత?"

అందరం నవ్వాం, అమ్మ తప్ప. ఆమె కంచంలో వేళ్లు తిప్పుతోంది.

"నా కడుపున పుట్టినోడు నన్ను గుర్తువట్టకపాయె అత్తా. రేపటి సంది నేను పోను."

నాయనమ్మ నవ్వు ఆగిపోయింది. ఆ రాత్రి ఆమె ప్రార్థన చాలాసేపు నడిచింది. ఏం అడిగిందో వినకముందే నాకు నిద్రపట్టింది.

పొద్దున నేను లేచేసరికి నాయనమ్మ అమ్మను పనికి పంపించేసి ఉంది. "ఈ ఒక్కరోజు పోయిరా బిడ్డా, సాయంత్రానికి మాట్లాడుదాం," అందట. సాయంత్రం నీరెండ ఇంకా ఉండగానే కూడిక వాళ్లకు రానని కబురు చేసింది. కందిలి గాజు బూడిదతో తోమి, ముట్టించి, తమ్ముడి ముందు పెట్టింది.

"పా రా. ఆ దయ్యం మనింటికి వచ్చేదాక ఎందుకు, మనమే ఎదురు పోదాం."

"దయ్యం కాడికా?"

"మీ అమ్మ కాడికి. నడుమ దయ్యం కనవడితే నేను మాట్లాడుత."

వాడు నాయనమ్మ కొంగు పట్టుకున్నాడు. నేను కందిలి పట్టుకున్నాను. మమ్మల్ని చూసి ఖాలా కొడుకు టార్చి తీసుకుని వచ్చాడు. ఓనరమ్మ మనవలు వచ్చారు. ఒకడు జొన్నచేలో దిష్టికుండను కర్రతో సహా పీకి తెచ్చాడు. సున్నం పూసి బొగ్గుతో కళ్లు, కోరలు గీసిన కుండ. దాని కింద టార్చి పెట్టి ముందు నడిచాడు. వాక్యం చెప్పే నాయనమ్మ వాడిని తిడుతుందనుకున్నాను.

"ఆ కోరలు జెర పెద్దగ గీయాల్సుండె. ఇదేం మొఖం, పండ్లూడిన మా వదిన లెక్క ఉన్నది," అంది.

పిల్లలంతా ఒకటే నవ్వు. జొన్నచేల నడుమ దారి వెంట దీపాలు, నీడలు, కేకలు. నాయనమ్మ పాట అందుకుంది. తెలిసిన పిల్లలం పాడాం, తెలియని పిల్లలు చప్పట్లు కొట్టారు. చీకట్లో అంత సంతోషంగా నడవవచ్చని అంతకుముందు మాకెవరికీ తెలియదు.

పెద్దరోడ్డు మీద కంపెనీ బస్సు ఆగి పోయింది. దిగినవాళ్లు గుంపుగా మా దారిలోకి మళ్లారు. ఎవరి మొఖాలూ కనబడటం లేదు, నల్లటి ఆకారాలే. పిల్లలు ఆగిపోయారు. కుండ పట్టుకున్నవాడు వెనక్కి జరిగాడు.

తమ్ముడు నాయనమ్మ కొంగు వదిలాడు. ఎవరూ పిలవలేదు. ఆకారాల్లో ఒకదాని నడక చూశాడో, సంచి ఊగిన తీరు చూశాడో, నేరుగా ఆ చీకట్లోకి పరుగెత్తాడు.

"అమ్మా!"

ఒక నీడ వంగి వాడిని ఎత్తుకుంది.

అమ్మ పని మానలేదు. ఆ చలికాలమంతా దీపాల వేళ మేం ఎదురు పోతూనే ఉన్నాం. పిల్లలు పెరిగారు, దీపాలు పెరిగాయి. దయ్యం సంగతి ఎప్పుడు మరిచిపోయామో తెలియదు. ఒక వాన పడి తలుపుల మీద నేను రాసిన రాతలు కారిపోయాయి. మళ్లీ రాయమని ఎవరూ అడగలేదు.

ఆ జొన్నచేలు లేవు. ఆ గదుల వరుస ఉన్నచోట అద్దాల దుకాణాలు వచ్చాయి. నాయనమ్మ, నాయన, వాళ్ల వెనక అమ్మ, అందరూ ప్రభువులో నిద్రించారు.

ఇదంతా మనవరాలికి చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకుని దుప్పటి మళ్లీ వేసుకుంది. నా వేలు పట్టుకుని అంతస్తు అంతా తిరిగింది. బెల్లు కొట్టడం, తలుపు తెరుచుకోగానే దుప్పటి ఎత్తి, "భయపడకండి ఆంటీ, లోపల నేనే," అనడం. వాళ్ల నవ్వులు మెట్ల దాకా వినబడ్డాయి. పెద్దక్క మాట నేను కాదనను. చీకటిని పూజించకూడదు. కానీ చీకట్లోకి పిల్లల చేయి పట్టుకుని నడవమని మా నాయనమ్మ నేర్పింది.

పటాన్‌చెరు వైపు సాయంత్రం షిఫ్టు వదిలే వేళ ఇప్పటికీ బస్సులు ఆగుతాయి. సంచులు భుజాన వేసుకుని ఆడవాళ్లు దిగుతారు. దూరాల నుంచి వచ్చి, మన భాష రాని తల్లులు కూడా ఎందరో. చదువుతున్న మీరు ఎక్కడున్నా, నాతో కలిసి ఒక్క నిమిషం తల వంచండి. తండ్రీ, ఈ సాయంత్రం చీకట్లో ఇంటికి నడుస్తున్న తల్లులందరి గొంతును వాళ్ల పిల్లలకు తెలియజెయ్యి. అలసి గొంతు రాని తల్లులకు, పిలవకముందే ఎదురొచ్చే చిన్న పాదాలను ఇవ్వు. ఆమేన్.